చినుకుకు లెక్క చెప్పే సీమ – అనంతపురం

మా నర్సీపట్నంలో వాన అంటే సగం విసుగు. శ్రావణమాసం వచ్చిందంటే చింతపల్లి కొండల మీది మబ్బులు వూరి మీదికి దిగివస్తవి. దండెం మీద బట్టలు మూడు రోజులైనా ఆరలేదని ఆడవాళ్లు గొణుగుతారు. బడికి సెలవిస్తారేమోనని పిల్లలు చూరు కింద నిలబడి ఆశగా ఆకాశం వంక చూస్తారు. తాండవ జలాశయం నిండిందన్న వార్తను పేపరులో చదివి, పేజీ తిప్పేస్తాము.

అలాంటి వూరి నుంచి బయలుదేరి ఒక ఆగస్టు నెలలో అనంతపురం వెళ్లాను. మా అక్క కూతురి కాపురం అక్కడ. తునిలో రైలెక్కి, గోదావరి దాటి, కృష్ణ దాటి, నల్లమల అడవుల్లో సొరంగాలు దాటి తెల్లవారి కళ్లు తెరిచేసరికి కిటికీ బయట మరో దేశం కనిపించింది. ఎర్రని నేల, గుట్టలు గుట్టలుగా పేర్చినట్లున్న బండరాళ్లు, అక్కడక్కడ ఒక తుమ్మచెట్టు, దాని నీడలో నాలుగు గొర్రెలు. మా వైపు ఆ నెలలో వరినాట్లు వేస్తుంటారు. ఇక్కడ రైతు చేలో నిలబడి పడమటి దిక్కు చూస్తున్నాడు.

గుమ్మంలో కాళ్లు కడుక్కోవడానికి మా మేనకోడలు ఒక చెంబు నీళ్లిచ్చింది. నేను అలవాటు చొప్పున రెండో చెంబు అడిగాను. "మామయ్యా, ఆ నీళ్లు జామచెట్టు మొదట్లో పడేటట్టు నిలబడి కడుక్కోండి," అన్నది నవ్వుతూ. బియ్యం కడిగిన నీళ్లు పాదులకు, పాత్రలు తొలిచిన నీళ్లు అరటిచెట్టుకు వెళ్తున్నవి. కాపురానికి వచ్చి ఆరేళ్లయినదో లేదో, మా పిల్ల అప్పుడే ఆ సీమ మనిషైపోయింది.

సాయంత్రం పక్కింటి అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన నన్ను పలకరించాడు. కళ్యాణదుర్గం పక్క పల్లె ఆయనది. మా వైపైతే "బాగున్నారా? భోజనమైందా?" అని అడుగుతారు. ఆయన అడిగినది వేరు.

"మీ పక్క పదునైందా సామీ?"

పదును అంటే విత్తనం వేయడానికి చాలినంత తడి నేలలోకి దిగడం. ఆ ఒక్క మాటలో జిల్లా చరిత్ర అంతా ఇమిడి వున్నదని నాకు తర్వాత తెలిసింది.

ఎంత పెద్దది? ఎప్పటిది?

అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది. అంతకుముందు అది బళ్లారి జిల్లాలో భాగం. దానికి ముందు సంగతి చెప్పాలంటే, 1800లో నైజాము నవాబు ఇంగ్లీషు కుంపిణీకి వదిలిపెట్టిన ప్రాంతాలలో ఇదీ ఒకటి. వాటినే దత్తమండలాలన్నారు. వాటికి మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురంలోనే మకాం పెట్టి రైతుల భూములు కొలిపించాడు.

"దత్త" అన్న మాట ఇక్కడివారికి గుచ్చుకునేది. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అని దాని అర్థం గదా! 1928లో నంద్యాలలో జరిగిన సభలో ఆ పేరు తీసివేసి "రాయలసీమ" అని పిలుద్దామని ప్రతిపాదించినవారు చిలుకూరి నారాయణరావుగారు. ఆయన అనంతపురం కళాశాలలో తెలుగు పండితులు. పుట్టినది మాత్రం మా ఉత్తరాంధ్రలో, శ్రీకాకుళం ప్రాంతంలో. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు కొంచెం గర్వమనిపించిన మాట నిజం.

ఉమ్మడి జిల్లా విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు. అంటే కేరళ రాష్ట్రంలో దాదాపు సగం. 2011 జనాభా లెక్కల ప్రకారం నలభై లక్షల ఎనభై వేల మంది నివసించేవారు. 2022 ఏప్రిల్ 4న ఈ జిల్లా రెండుగా చీలింది. పుట్టపర్తి కేంద్రంగా హిందూపురం, కదిరి, ధర్మవరం, పెనుకొండ ప్రాంతాలు శ్రీ సత్యసాయి జిల్లా అయినవి. గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి, కళ్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ అనంతపురంతో మిగిలినవి. సరిగ్గా ఆ రోజే మా నర్సీపట్నం కూడా విశాఖపట్టణం జిల్లా నుంచి విడిపోయి అనకాపల్లి జిల్లాలో చేరింది. మనుషులు గీసిన గీతలు ఒక్కరోజులో మారినవి. ఆకాశం గీసిన గీత మాత్రం మారలేదు. అందుచేత ఈ వ్యాసంలో అనంతపురం అంటే ఆ పాత ఉమ్మడి జిల్లా అనే అనుకోవలెను.

మబ్బులు ఎందుకు మొహం చాటేస్తవి?

ఈ జిల్లాలో సంవత్సరానికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మా విశాఖ ప్రాంతంలో దానికి దాదాపు రెట్టింపు పడుతుంది. దేశంలో రాజస్థానపు జైసల్మీరు తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా ఇదేనని చాలాకాలంగా చెప్పుకుంటారు.

కారణం తెలుసుకోవడానికి పటం ముందు కూర్చుంటే చాలు. జూన్‌లో అరేబియా సముద్రం మీది నుంచి వచ్చే నైరుతి మబ్బులు ముందుగా పడమటి కనుమలను ఢీకొంటవి. బరువంతా అక్కడ దించుకుని, వట్టి చేతులతో ఇవతలికి దిగుతవి. ఇక అక్టోబరులో బంగాళాఖాతం నుంచి వచ్చే ఈశాన్యపు వానలు నెల్లూరు, చిత్తూరు తడిపి, అనంతపురం చేరేసరికి అలిసిపోతవి. రెండు విందుల మధ్య ఇల్లు వున్నవాడికి రెండు చోట్లా విస్తరి అందకపోయినట్లున్నది ఈ జిల్లా పని.

పోనీ, ఆ కాస్త వానైనా వేళకు పడుతుందా అంటే అదీ లేదు. జూన్‌లో ఒక జల్లు పడి, పదునైందని విత్తనం వేయిస్తుంది. తర్వాత ముప్పై, నలభై రోజులు పత్తా వుండదు. మొలక వాడి, రైతు దిగులుపడి, అప్పుపత్రం రాసిన తర్వాత సెప్టెంబరులో ఒక్క రాత్రి కుండపోతగా కురిసి చెరువు కట్టలు తెంపిపోతుంది.

నదులు లేవా అంటే వున్నవి. పెన్న, చిత్రావతి, జయమంగళి, వేదవతి, పాపాఘ్ని. పేర్లు ఎంత చక్కనివో చూడండి! కాని వాటిలో ఏడాదిలో ఎక్కువ రోజులు పారేది ఇసుకే. కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టి హిందూపురం వైపు నుంచి జిల్లాలో అడుగుపెట్టే పెన్నను చూసి మా చిన్న మనుమడు, "తాతా, ఇది నదా, మైదానమా?" అని అడిగాడు. దీనికి నేను చెప్పిన జవాబు వాడికి నచ్చలేదు.

పేరు వెనుక ఒక చెరువు

అయితే ఆరువందల యేళ్ల కిందటి పెద్దలు ఆకాశాన్ని తిట్టుకుంటూ కూర్చోలేదు. ఎప్పుడో ఒకసారి వచ్చే నీటిని పట్టి నిలపడమెలాగో వారు నేర్చుకున్నారు. అనంతపురం అన్న పేరే ఒక చెరువు పేరు.

విజయనగరపు బుక్కరాయల కాలంలో, 1364 ప్రాంతంలో, ఆయన మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరు వాగుకు అడ్డంగా పెద్ద కట్ట వేయించాడని చెబుతారు. కట్టకు ఒక కొనన బుక్కరాయసముద్రం, మరొక కొనన అనంతసాగరం అనే రెండు వూళ్లు వెలిసినవి. ఆ అనంతసాగరమే నేటి అనంతపురం. సముద్రానికి ఇన్ని వందల మైళ్ల దూరాన, ఎండు నేల మీద, చెరువులకు సముద్రమనీ సాగరమనీ పేర్లు పెట్టుకున్నారంటే వారికి నీటి మీద ఎంత మమకారమో తెలుస్తుంది.

ఆ చెరువు గురించే ఒక కన్నీటి కథ వున్నది. ఒక సంవత్సరం పెద్దవాన కురిసి కట్ట తెగేటట్టున్నది. బసిరెడ్డిగారి చిన్నకోడలు ముసలమ్మ బలి అయితే తప్ప కట్ట నిలవదని గ్రామదేవత పలికిందట. ఆ యిల్లాలు అత్తమామలకు మొక్కి, బిడ్డను అప్పగించి, తనంతట తానే గండిలోకి నడిచిపోయిందట. బ్రౌను దొర ప్రకటించిన అనంతపుర చరిత్రలోని ఈ కథనే తీసుకుని కట్టమంచి రామలింగారెడ్డిగారు "ముసలమ్మ మరణము" కావ్యం వ్రాశారు. ఇటువంటి బలులను ఈనాడు ఎవరూ మెచ్చుకోరు, మెచ్చుకోకూడదు కూడా. కాని చెరువు తెగితే వూరే పోతుందన్న భయం ఆ జనంలో ఎంత లోతుగా వున్నదో ఈ కథ చెబుతుంది.

చెరువు కట్టడమంటే ఆ రోజుల్లో ఒక శాస్త్రం. పొరుగున కడప జిల్లాలో పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శిలాశాసనం వున్నది. మంచి చెరువుకు వుండవలసిన పన్నెండు అంగాలేవో, వుండకూడని ఆరు దోషాలేవో అందులో చెక్కించారు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు మోయడానికి నూరు బండ్లు, రెండేళ్ల పని – ఈ లెక్క కూడా ఆ రాతి మీదే వున్నది.

కట్టిన తర్వాత కాపాడడానికీ ఏర్పాట్లుండేవి. చెరువు బాగుచేయించేవానికి దశబంధం అనే మాన్యం వుండేది. ఏ చేనుకు ఏ పూట ఎంత నీరు వదలాలో చూడడానికి నీరుగంటి వుండేవాడు. తూము తెరిచేది అతడే, మూసేది అతడే. భూస్వామి చేనైనా, పేదవాని మడి అయినా వంతు వచ్చేదాకా ఆగవలసినదే. చిత్రావతి మీద బుక్కపట్నం చెరువు, ధర్మవరం చెరువు ఆ కాలపు గొప్పతనానికి ఈనాటికీ సాక్ష్యాలుగా నిలిచి వున్నవి. నది ఎండినప్పుడు కూడా ఇసుక కింద నడిచే నీటిని ఊటకాలువలు తవ్వి చేలకు మళ్లించుకునేవారు.

తిండి కూడా ఆ లెక్కలోనే వుండేది. కొర్రలు, సజ్జలు, జొన్నలు, ఆరికెలు, రాగులు – ఒక వానకు మొలిచి, మరొక వానకు పండే పంటలు. ఒకే చేలో నాలుగు రకాలు కలిపి చల్లేవారు. ఒకటి పోయినా మరొకటి దక్కేది. రాగిసంగటి ముద్ద, శనక్కాయల చట్నీ ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు మా మేనకోడలి అత్తగారు చెప్పిన మాట ఇది: "మా అవ్వల కాలంలో వరన్నం పండక్కే నాయనా. కానీ ఇంట్లో గాదె మాత్రం వట్టిపోయేది కాదు."

అవ్వలు చెప్పిన కరువులు

గాదెలు వట్టిపోయిన యేళ్లూ లేకపోలేదు. 1876–78 నాటి మహాకరువును ఇక్కడివారు ఇప్పటికీ ధాత కరువు అంటారు. ధాత నామ సంవత్సరంలో మొదలైనందువల్ల ఆ పేరు వచ్చింది. మద్రాసు రాజధాని అంతటా లక్షలాది జనం తిండిలేక చనిపోయారు. 1952 కరువులో రాయలసీమ అంతటా గంజి కేంద్రాలు తెరవవలసి వచ్చింది. ఆ రోజుల బాధనంతా గుండెలో దాచుకుని ఈ జిల్లా తరిమెల గ్రామానికి చెందిన విద్వాన్ విశ్వంగారు "పెన్నేటి పాట" కావ్యం వ్రాశారు. పెన్న ఎండిపోయినా ఆ పాట మాత్రం ఎండలేదు.

శనక్కాయ వచ్చింది, బోరు వచ్చింది

1960ల తర్వాత జిల్లా ముఖం మారింది. వేరుశనగకు మంచి ధర వచ్చింది. నూనె మిల్లులు వెలిసినవి. ఎర్రనేలలో శనగ బాగా వూరుతుంది. కొర్ర చల్లిన చేలల్లో శనగ వేశారు; మేత బీళ్లలో శనగ వేశారు; గుట్టల వాలుల్లో కూడా శనగ వేశారు. 2000 తర్వాతి సంవత్సరాలలో ఆ పంట ఎనిమిది లక్షల హెక్టార్ల దరిదాపులకు చేరి, దేశంలోకెల్లా అత్యధికంగా వేరుశనగ పండించే జిల్లాల్లో అనంతపురం పేరు ముందు నిలిచింది.

డబ్బు కళ్లచూసిన మాట నిజమే. పిల్లల చదువులు, ఆడపిల్లల పెళ్లిళ్లు శనక్కాయలే గట్టెక్కించినవి. అయితే ఒకే పంట మీద జిల్లా అంతా కూర్చోవడమంటే ఒకే కొయ్య మీద ఇల్లంతా నిలబెట్టడం. శనగచెట్టుకు ఊడలు దిగే వేళ వాన తప్పితే కాయ వుండదు. ఆ వేళకే ఇక్కడ వాన తప్పుతుంది. కొర్ర అయితే ఆ ఎండకు తలవంచి మళ్లీ లేచేది, శనగ లేవదు.

అదే కాలంలో కరెంటు మోటారు వచ్చింది. కపిలబావిలో ఎద్దులు లాగినన్ని నీళ్లే తోడగలిగినప్పుడు నేల తల్లి కూడా కాస్త కూడబెట్టుకునేది. బోరు వచ్చిన తర్వాత ఆ జమా అంతా ఖర్చైపోయింది. రెండు వందల అడుగుల్లో పడిన నీరు నాలుగు వందలకు దిగింది; ఆరు వందలకు దిగింది; కొన్ని వూళ్లలో వెయ్యి అడుగులు తవ్వినా దుమ్మే వచ్చింది. బోరు బండి వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ కొబ్బరికాయ కొట్టి చుట్టూ నిలబడతారు. తెల్లని రాతిపొడి తప్ప మరేమీ రాకపోతే ఆ రాత్రి ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

నన్ను పలకరించిన పెద్దాయన చేలో ఏడు బోర్లున్నవి. ఆరింటిలో నీరు లేదు. "ఏడోది నా పెద్దకొడుకు బెంగుళూరు కూలిడబ్బుతో ఏసినాం," అన్నాడు. ఆ కొడుకు అక్కడ మేస్త్రీ దగ్గర ఇటుకలు మోస్తున్నాడట. ఇలా పండగకు తప్ప వూరికి రాని మగవాళ్లు, తాళాలు వేసిన యిళ్లు జిల్లాలో కోకొల్లలు. 1990ల చివరి నుంచి అప్పుల బాధతో ప్రాణాలు తీసుకున్న రైతుల వార్తలు ఈ జిల్లా నుంచి ఎన్ని వచ్చినవో పాఠకులకు తెలిసినదే.

చెరువులేమైనవి? బోరు వుండగా చెరువుతో పని ఏమున్నదనుకున్నారు. దశబంధాలు పోయినవి, నీరుగంటి పని పోయింది, తూములు పూడినవి. చెరువు నిండకపోయేసరికి కింది బోర్లలోనూ నీరు రాలేదు. చెరువు ఎండటం, బోరు ఎండటం ఒకే సంగతి అని తెలిసేసరికి ఒక తరం గడిచిపోయింది.

ఇసుక నడిచివచ్చే వూరు

జిల్లాకు పడమటి అంచున, బొమ్మనహాళ్ మండలంలో దర్గా హొన్నూరు అనే వూరున్నది. పక్కన వేదవతి నది, దానినే హగరి అని కూడా అంటారు. ఎండాకాలపు గాలికి నదిలోని ఇసుక లేచి చేల మీద మేటలు వేస్తుంది. పటాల్లో మనం చూసే రాజస్థానపు తిన్నెల వంటివే మన తెలుగు నేల మీద వున్నవంటే చాలామంది నమ్మరు. గాలికి అడ్డంగా చెట్లు పెంచి ఆ ఇసుకను ఆపడానికి ఎన్నో ఏళ్లుగా ప్రయత్నిస్తున్నారు.

ఆ తిన్నెల సంగతి వింటున్నప్పుడు నాకు మరొక దేశం జ్ఞాపకం వచ్చింది. మధ్య ఆసియాలో, ఉజ్బెకిస్తాన్ పడమటి కొసన కరకల్పకస్తాన్ అనే స్వయంపాలిత ప్రాంతమున్నది. కర అంటే నలుపు, కల్పక్ అంటే టోపీ, నల్లటోపీలవాళ్ల దేశమన్నమాట. మన ఆంధ్రప్రదేశ్ అంత విస్తీర్ణం. జనం మాత్రం ఇరవై లక్షల దరిదాపు. రాజధాని నుకుస్ పట్టణం. అక్కడ ఏడాదికి పడే వాన సుమారు నూరు మిల్లీమీటర్లు. అనంతపురం వాన వాళ్లకు జడివాన కింద లెక్క!

అయినా వాళ్లకు ఒకప్పుడు నీటికి లోటు లేదు. పామీరు మంచుకొండల్లో పుట్టిన అముదర్యా నది ఎడారి మధ్యగా ప్రవహించి ఆరల్ సముద్రంలో కలిసేది. పేరుకు సముద్రమైనా అది పెద్ద సరస్సు. 1960లో దాని విస్తీర్ణం 68,000 చదరపు కిలోమీటర్లు. ప్రపంచంలోని సరస్సుల్లో నాలుగోది. ఒడ్డున ముయినాక్ రేవు. అక్కడ చేపలు పట్టేవారు, వాటిని డబ్బాల్లో పెట్టి ఎగుమతి చేసే ఫ్యాక్టరీ వుండేది.

అప్పటి సోవియట్ ప్రభుత్వం పత్తి పండించాలనుకున్నది. అముదర్యా, సిర్‌దర్యా నదుల నీటిని పెద్ద పెద్ద కాలువలతో పత్తిచేలకు మళ్లించారు. పత్తి పండింది. సముద్రం ఎండిపోయింది. 2007 నాటికి పాత విస్తీర్ణంలో పదోవంతు మిగిలింది. ముయినాక్‌లో ఇప్పుడు ఇసుక మీద తుప్పుపట్టిన ఓడలు వరుసగా పడివున్నవి. నీరు నూరు కిలోమీటర్లకు పైగా వెనక్కి పోయింది. ఎండిన అడుగు నుంచి ఉప్పు, పత్తికి కొట్టిన మందుల దుమ్ము గాలితో లేచి వూళ్ల మీద పడుతుంటే జనం జబ్బులపాలైనారు.

నూరు మిల్లీమీటర్ల వాన పడే చోట వేల యేళ్లుగా సముద్రం నిలిచింది. ఒక్క పంట మోజు ముప్పై నలభై యేళ్లలో దానిని మింగేసింది. వాన తక్కువ కావడం దైవాధీనమే కావచ్చు. ఎడారి కావడంలో మాత్రం మనిషి చెయ్యి వున్నది. పత్తి అక్కడ చేసిన పనినే, చిన్నయెత్తున, శనగా బోరూ కలిసి ఇక్కడ చేసినవి.

అయితే తప్పు దిద్దుకున్నవారూ ఆ తీరం మీదే వున్నారు. ఉత్తరాన కజకిస్తాన్‌వారు 2005లో కోకరాల్ దగ్గర కట్ట వేశారు. ఆ చిన్న భాగంలో నీరు పెరిగింది, చేపలు మళ్లీ వచ్చినవి. కరకల్పకస్తాన్‌లో 2018 తర్వాత ఎండిన సముద్రపు అడుగున లక్షల హెక్టార్లలో సక్సావుల్ అనే ఎడారిమొక్కను నాటి ఇసుకను పట్టి ఆపుతున్నారు.

మళ్లీ లెక్క నేర్చుకుంటున్నారు

అనంతపురంలోనూ ఆ దిద్దుబాటు కనిపిస్తున్నది. నాకు మహా సంతోషం కలిగించినది అదే.

నార్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న జాతీయ ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ పనులతో ఎన్నో చెరువులు, కుంటలు పూడిక తీశారు. 2015 తర్వాత చేలల్లో వేలకొద్దీ పంటకుంటలు తవ్వారు. స్పెయిన్ దేశం నుంచి 1969లో ఇక్కడికి వచ్చి, 2009లో ఇక్కడే కన్నుమూసిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లె పల్లెలో చెక్‌డ్యాములు, యిళ్లు కట్టించింది. 1995–96లో సత్యసాయి ట్రస్టు తాగునీటి పథకం ఏడు వందలకు పైగా గ్రామాలకు కుళాయి నీరిచ్చింది. అంతకుముందు ఆ వూళ్లలో ఆడవాళ్లు తెల్లవారుజామున బిందెతో బయలుదేరితే పొద్దెక్కిన తర్వాత తిరిగివచ్చేవారు.

బయటి నీరు కూడా కొంత వచ్చింది. తుంగభద్ర ఎగువ కాలువ చాలాకాలంగా ఈ జిల్లాకు ఆధారం. 2012లో శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ నీటిని మెట్టు మెట్టుగా పైకి ఎత్తి, హంద్రీ–నీవా కాలువ ద్వారా జీడిపల్లి జలాశయానికి చేర్చారు. కృష్ణమ్మను చూడడానికి జనం బండ్లు కట్టుకుని వచ్చి పసుపు కుంకుమలు చల్లారు. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాము 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఈ జిల్లాలో నిద్రపోయినవారు లేరు. వారం రోజుల్లో తాత్కాలికపు తలుపు దించి నీటిని నిలిపారు. ముసలమ్మ నాటి భయమే అది. ఈసారి గండి పూడ్చినది ఇనుమూ, ఇంజనీర్లూ.

అన్నింటికంటె పెద్ద మార్పు చేలల్లో వచ్చింది. బిందుసేద్యం గొట్టాలు పరిచి, చెట్టు మొదట్లో చుక్క చుక్కగా నీరు వదులుతున్నారు. చీనీతోటలు, దానిమ్మ, మామిడి, అరటి పెంచుతున్నారు. దక్షిణదేశంలో మొదటి కిసాన్ రైలు 2020 సెప్టెంబరు 9న పండ్లతో ఢిల్లీకి బయలుదేరినది ఈ అనంతపురం నుంచే. కరువుకు మారుపేరైన జిల్లా ఢిల్లీ బజారుకు పండ్లు పంపినదంటే ఆశ్చర్యమే గదా! అయితే తోటలన్నీ బోర్ల మీదే ఆధారపడినవని, లెక్క తప్పితే అవీ ఎండుతవని అక్కడి రైతులే చెబుతున్నారు. కొర్రలకు మళ్లీ గిరాకీ వచ్చింది. పట్నాలలో చక్కెర జబ్బువాళ్లు అడుగుతుంటే, అవ్వల నాటి పంట చేలోకి తిరిగి వస్తున్నది.

వెళ్లినవారు చూడవలసినవి

కరువు జిల్లా గదా, ఏముంటుందిలే అనుకుంటే పొరపాటు. లేపాక్షిలో వీరభద్రస్వామి ఆలయం, నేలను పూర్తిగా తాకని స్తంభం, ఒకే రాతిలో చెక్కిన పెద్ద నంది పిల్లలకు చూపించి తీరవలెను. 1565లో విజయనగరం పాడైన తర్వాత రాజధాని అయిన పెనుకొండ కోట, గుత్తి కోట వున్నవి. తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయమున్నది. బుగ్గ అంటే ఊట. ధర్మవరం పట్టుచీరెల మాట ఆడవాళ్లకు నేను చెప్పనక్కరలేదు.

కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానును మాత్రం మరిచిపోవద్దు. ప్రపంచంలోకెల్లా పెద్ద మర్రిచెట్టుగా 1989లో గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. అయిదెకరాలకు పైగా ఒకే చెట్టు! ఊడ దించడం, అది నేలను పట్టడం, మళ్లీ కొమ్మ చాచడం – ఆ ఎండు నేలలో ఎన్నో వందల యేళ్లుగా అదే పని చేస్తున్నది.

ఇంటికి తిరిగివచ్చిన రోజు నర్సీపట్నంలో జోరున వాన. చూరు నుంచి ధారలు కారి కాలువలో పడి ఎటో పోతున్నవి. బట్టలు ఆరలేదని మా ఇంటావిడ గొణుగుతున్నది. నేను పెరటిలోని ఇత్తడి గంగాళం తీసుకువెళ్లి చూరు కింద పెట్టాను. "ఇదేం చాదస్తం? వానాకాలంలో వాననీళ్లు పట్టడమేమిటి?" అన్నది.

గంగాళం నిండడానికి పావుగంట కూడా పట్టలేదు. అప్పుడే ఫోను మోగింది. మా మేనకోడలు. నేను హలో అనకముందే అడిగింది:

"మామయ్యా, నిన్న రాత్రి ఇక్కడ పదునైంది. మీకో?"